గడప దాటకుండా పిల్లల్ని ఆడించడం ఎలా: రెండు నుంచి ఆరేళ్ల వాళ్ల కోసం

2020 మార్చి 25, ఉగాది నాడు దేశమంతా కరోనా లాక్‌డౌన్ మొదలైంది. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఆ మొదటి వారం నడిచిన వరస చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెద్దవాళ్లు గంటకో కొత్త ఆట కనిపెట్టడం, మూడో రోజుకి ఓపిక అయిపోవడం, నాలుగో రోజు ఫోన్ చేతికిచ్చి ఊపిరి పీల్చుకోవడం. 2021 మేలో తెలంగాణలో లాక్‌డౌన్, ఆంధ్రలో కర్ఫ్యూ వచ్చినప్పుడూ ఇదే వరస. ఆటలు లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు కాదది. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా మనమే ఆడించాలనుకోవడం వల్ల వచ్చింది.

ఈ వయసు పిల్లలకి రోజుకి రెండు మూడు రకాల సరంజామా చాలు. ఏ వేళకి ఏది వస్తుందో తెలిసి ఉండాలి, కనుచూపు మేరలో ఇంట్లోవాళ్లు ఒకరు ఉండాలి. సరంజామా అమర్చడం మీ వంతు, ఆడుకోవడం వాళ్ల వంతు. మొదటి ఐదు నిమిషాలు పక్కన కూర్చుని మొదలుపెట్టించి, తర్వాత మెల్లగా వెనక్కి జరగండి. మళ్లీ లాక్‌డౌన్ పెట్టినా, తుఫానుకి ముసురు పట్టినా, ఆటలమ్మ పోసి రెండు వారాలు ఇల్లు కదలకూడదన్నా ఇదే పద్ధతి.

ముందు ఓ అరగంట ఇల్లు చూసుకోండి

పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటే, మామూలు రోజుల్లో వాళ్ల చేతికి అందని వస్తువులు కూడా అందుతాయి. నేల మీద కూర్చుని, వాళ్ల ఎత్తు నుంచి గది చుట్టూ చూడండి.

శానిటైజర్ సీసా పై అరలోకి వెళ్లాలి. అందులో ముప్పాతిక వంతు దాకా ఆల్కహాలే. రంగూ వాసనా బాగుంటాయి కనక రెండేళ్ల పిల్ల ఒక గుక్క తాగేయగలదు. అది రాసుకున్న చేతులతో పొయ్యి దగ్గరికి వెళ్లడం పెద్దవాళ్లకీ ప్రమాదమే. ఫినాయిల్, బ్లీచింగ్ కలిపిన నీళ్లు పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచే అలవాటుంటే ఈ రోజే మానేయండి. దోమల మందు రీఫిల్, రిమోట్‌లో గుండ్రటి బ్యాటరీ, బాల్కనీ గోడ పక్కనున్న కుర్చీ, నిండుగా ఉన్న బకెట్, వీటిని కూడా సర్దాలి. గుండ్రటి బ్యాటరీ మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలుతుంది. వాంతి చేయించబోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. 108 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది.

ఇంకో మాట: కింద చెప్పిన ఆటల్లో గింజలు వాడేవి మూడేళ్లు దాటిన పిల్లలకే. చింతగింజ, శనగ, బఠాణీ ముక్కులోకీ చెవిలోకీ పోవడానికి సరిగ్గా సరిపోయే సైజు. పైగా శనగా బఠాణీ లోపలికి వెళ్లి తడికి ఉబ్బుతాయి, పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతాయి.

రోజుని ముక్కలు చేయండి, గంటలు చేయకండి

తొమ్మిదిన్నరకి డ్రాయింగు, పదింటికి కథ అని టైంటేబుల్ రాసి గోడకి అంటిస్తే రెండో రోజుకే చిరాకొస్తుంది. గడియారం చూడటం రాని పిల్లలకి ఒకదాని తర్వాత ఏదొస్తుందో తెలిస్తే చాలు. టిఫిన్ అయ్యాక చేతులు మురికయ్యే ఆట. వంట వేళకి వంటింట్లో పని. అన్నం తిని నిద్ర, నిద్రపోని పిల్లలైతే చాప మీద ఒక్కళ్లే బొమ్మల పుస్తకంతో. లేచాక నీళ్లు లేదా గెంతులు. దీపాలు పెట్టే వేళకి నెమ్మది ఆటలు.

సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా గడ్డు సమయం. పిల్లలు కారణం లేకుండా ఏడ్చేది, అన్నదమ్ములు కొట్టుకునేది ఎక్కువగా అప్పుడే. పగలంతా ఒళ్లు అలవకపోతే అదంతా అప్పుడు బయటపడుతుంది. అందుకని గెంతులు నాలుగున్నరకే పెట్టేయండి.

బొమ్మల సంగతి. ఉన్న బొమ్మలన్నీ ఒకేసారి నేల మీద ఉంటే పిల్లలు దేనితోనూ ఆడరు, తన్నుకుంటూ తిరుగుతారు. మూడు సంచుల్లోకి పంచి, రెండు అటక మీద పెట్టండి. నాలుగైదు రోజులకోసారి సంచి మార్చండి. పాత లారీయే కొత్త లారీ అయిపోతుంది. పక్కలోకి తెచ్చుకునే ఆ ఒక్క బొమ్మని మాత్రం ఏ సంచిలోనూ వేయకండి.

పిండి ముద్ద

దుకాణాలు మూసున్నప్పుడు దీన్ని మించినది లేదు. ఒకసారి చేస్తే ఇద్దరు పిల్లలకి రెండు వారాలు వస్తుంది.

కావలసినవి: మైదా 1 కప్పు, మెత్తటి ఉప్పు అర కప్పు, నీళ్లు 1 కప్పు, నూనె 1 పెద్ద చెంచా, నిమ్మరసం 2 పెద్ద చెంచాలు.

1. మందపాటి మూకుట్లో మైదా, ఉప్పు పొడిగా కలపండి. నీళ్లు, నూనె, నిమ్మరసం పోసి ఉండలు లేకుండా గిలకొట్టండి. స్టవ్ వెలిగించకముందే ఉండలు పోవాలి, తర్వాత పోవు.

2. సన్నని సెగ మీద పెట్టి, అడుగు నుంచి తిప్పుతూనే ఉండండి. మొదట అట్లపిండిలా జారుగా ఉంటుంది. రెండో నిమిషానికి అక్కడక్కడ ముద్దలు కట్టి, పాడైందేమో అనిపిస్తుంది. ఆపకండి. నాలుగైదు నిమిషాలకి మొత్తం గరిటె చుట్టూ చేరి మూకుడు అంచుల్ని వదిలేస్తుంది. వేలితో నొక్కితే అంటుకోకూడదు. అప్పుడు దింపేయండి.

3. పళ్లెంలో వేసి, చేయి పట్టేంత చల్లారాక చపాతీ పిండిలా మూడు నిమిషాలు మర్దించండి. గరుకుదనం పోయి చెవి తమ్మెలా మెత్తబడుతుంది.

4. రంగుకి: పసుపు పావు చెంచా వేస్తే పసుప్పచ్చ. బీట్‌రూట్ తురిమి పిండిన రసం నీళ్లకి బదులు పోస్తే గులాబీ. పాలకూర ఉడికించి రుబ్బి వడగట్టిన నీళ్లు పోస్తే ఆకుపచ్చ, అయితే ఇది రెండో రోజుకే మాగిన ఆకులా తయారవుతుంది. కుంకుమ వేయకండి. అంగట్లో దొరికే చాలా కుంకుమల్లో కృత్రిమ రంగే ఉంటుంది, చేతులకీ గోడకీ పట్టుకుని వదలదు.

జిగురుగా ఉంటే ఇంకా ఉడకలేదన్నమాట, మళ్లీ ఓ నిమిషం సెగ మీద పెట్టండి. చిట్లిపోతుంటే ఎక్కువ ఉడికింది, అరచేతికి నూనె రాసుకుని పిసకండి. కాకినాడ, విశాఖ వైపు ఉక్కపోతలో ముద్ద మర్నాటికి చెమట పట్టినట్టు తడుస్తుంది. అది ఉప్పు గాల్లోని తేమని లాగడం వల్ల. ఒక చెంచా మైదా చల్లి కలిపితే సరి. గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో ఉంచండి. బయట పెడితే చీమలు పడతాయి. నల్ల చుక్కలు కనపడితే పారేయండి. ఉడికించకుండా పచ్చిగా కలిపిన పిండి మూడు నాలుగు రోజులకే పులుస్తుంది, అందుకే ఈ ఐదు నిమిషాల శ్రమ.

ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పిల్లలకి ఇది వద్దు. అర కప్పు ఉప్పుంది ఇందులో. వాళ్లకి ఉత్త చపాతీ పిండి ఇచ్చేయండి.

పనిముట్లు కొనక్కర్లేదు. అప్పడాల కర్ర, సీసా మూతలు, దువ్వెన, వీటన్నిటినీ మించి జంతికల గొట్టం. నాలుగేళ్ల పిల్ల రెండు చేతులా బలమంతా పెట్టి నొక్కితే, కింద సన్న తీగలు దిగుతుంటే, అరగంట కదలదు. అయ్యాక గొట్టం వెంటనే కడిగి తుడవండి, ఉప్పుకి లోహం పాడవుతుంది. తెలంగాణ ఇళ్లలో సకినాలు చుట్టే పద్ధతి నేర్పండి. సన్నటి తాడులా పేని, వేళ్ల మధ్య మెలి తిప్పుతూ గుండ్రంగా చుట్టడం. రేపు పెన్సిల్ పట్టుకునే వేళ్లకి ఇంత మంచి కసరత్తు ఇంకోటి లేదు.

నీళ్లూ, ఐసూ

వేసవిలో ఇది రోజూ పెట్టొచ్చు. బాత్రూంలో గానీ బాల్కనీలో గానీ వెడల్పు టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోయండి. మగ్గు, టీ వడకట్టేది, గరాటు, స్పాంజి ముక్క, రెండు సైజుల గ్లాసులు. అంతే. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోసుకోవడంతోనే ముప్పావు గంట గడుస్తుంది. కాళ్ల కింద గోనెసంచి గానీ పాత టవల్ గానీ పరవండి, టైల్స్ మీద జారడం ఇక్కడ జరిగే మామూలు ప్రమాదం. నాలుగు వేళ్ల నీళ్లలో కూడా చిన్నపిల్లలు మునిగిపోగలరు, అరుపు కూడా వినపడదు. కాబట్టి ఈ ఆటకి మాత్రం వెనక్కి జరగడం లేదు. ఫోన్ మోగినా, కుక్కర్ కూసినా పిల్లని ఎత్తుకునే కదలాలి. ఆట అవగానే టబ్బు బోర్లించండి.

దీనికే ఇంకో రకం, ఐసులో బొమ్మ. స్టీలు గిన్నెలో సగం దాకా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. నాలుగైదు గంటల తర్వాత గడ్డకట్టిన దాని మీద ఒక ప్లాస్టిక్ బొమ్మ, నాలుగు మందార రేకులు పెట్టి, మిగతా సగం నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. రెండు విడతలు ఎందుకంటే, ఒకేసారి పోస్తే బొమ్మ పైకి తేలి తల బయట పెట్టుకుని గడ్డకడుతుంది, పిల్లలు పట్టుకుని పీకేస్తారు, ఆట ఐదు నిమిషాల్లో ఖతం. పొద్దున తీసి ఐదు నిమిషాలు బయట ఉంచండి, లేకపోతే నాలిక పెడితే అంటుకుపోతుంది. తర్వాత పళ్లెంలో బోర్లించి, ఒక గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, ఒక చెంచా, కాస్త ఉప్పు ఇచ్చి బొమ్మని విడిపించమనండి. ఉప్పు చల్లిన చోట గుంటలు పడటం వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. చెప్పేయకండి.

ఒళ్లు అలిసే ఆటలు

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క: ఏడాది నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజు మొత్తం మీద 3 గంటలు ఒళ్లు కదలాలి. మూడు, నాలుగేళ్ల వాళ్లకి అందులో ఒక గంట ఆయాసం వచ్చేలా ఉండాలి. రెండు గదుల ఫ్లాట్‌లో ఇది కుదరదనిపిస్తుంది గానీ, పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేస్తే కుదురుతుంది.

ఇంట్లోనే ఒక దారి వేయండి. మంచం కింద నుంచి పాకుతూ దూరాలి, రెండు కుర్చీల చుట్టూ తిరగాలి, నేల మీద పరిచిన దిండ్ల మీదుగా కాలు కింద పెట్టకుండా దాటాలి, చాప ఈ చివర నుంచి ఆ చివరికి కప్పగంతులు, చివరికి బీరువాని తాకి వెనక్కి. ఐదు మజిలీలు మించితే నాలుగేళ్ల పిల్లకి గుర్తుండవు, మూడేళ్లకైతే మూడే. ఫోన్‌లో టైం పెట్టి, నిన్నటికన్నా త్వరగా వచ్చిందో లేదో చెప్పండి. అన్నతో చెల్లికి పోటీ పెట్టకండి. చిన్నది ఎప్పుడూ ఓడిపోతుంది, ఆట ఏడుపుతో ముగుస్తుంది. కింద ఫ్లాట్‌లో జనం ఉంటే గెంతులన్నీ పరుపు మీదికి మార్చండి, మధ్యాహ్నం నిద్రవేళ వదిలేయండి. వాళ్లూ మీలాగే ఇంట్లో చిక్కుకుపోయినవాళ్లే.

తొక్కుడు బిళ్లకి గడులు కావాలంటే సిమెంటు నేల మీద సుద్దముక్క చాలు. టైల్స్ మీద కాగితపు మాస్కింగ్ టేపు వాడండి, శుభ్రంగా ఊడొస్తుంది. మామూలు సెల్లో టేపు నాలుగు రోజులుంటే జిగురు నేలకే మిగిలిపోతుంది. దాని మీద కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి గుడ్డతో తుడిస్తే పోతుంది, కానీ ఆ నూనె తడిని సబ్బు నీళ్లతో కడిగేదాకా పిల్లల్ని అటు రానివ్వద్దు.

ఒంటరి పిల్లయితే దాగుడుమూతలు మనుషులకి బదులు వస్తువులతో ఆడండి. ఐదు గరిటెలు దాచి వెతకమనండి. ఎన్ని దొరికాయో, ఇంకెన్ని మిగిలాయో లెక్క తనే వేస్తుంది.

వంటింట్లో నిజం పని

ప్లాస్టిక్ వంట సామాను ఎంత మంచిదైనా వారంలో విసుగొస్తుంది. నిజం పనికి విసుగు రాదు, తను ఒలిచిన చిక్కుడుకాయే కూరలో కనపడుతుంది కదా. రెండేళ్ల వాళ్లు కరివేపాకు రెబ్బ నుంచి ఆకులు దూస్తారు. మూడేళ్లు దాటితే కొత్తిమీర తుంపడం, బఠాణీ కాయలు ఒలవడం. నాలుగేళ్లు దాటితే చిక్కుడు ఈనెలు తీయడం. ఐదేళ్లకి వెల్లుల్లి, అయితే ముందు పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి, అప్పుడు పొట్టు వేళ్లతో ఊడొస్తుంది. లేకపోతే గోళ్లతో గీకి, ఆ చేత్తో కళ్లు నులుముకుంటారు. పచ్చిమిరపకాయలు ఆ గదిలోనే వద్దు.

కూర్చోబెట్టే చోటు స్టవ్‌కి కనీసం ఆరడుగుల దూరంలో, నేల మీద, పేపరు పరిచి. పని కొంచెమే ఇవ్వండి, గుప్పెడు కాయలు. అయిపోయాక ఇంకా కావాలని అడగాలి గానీ సగంలో లేచిపోకూడదు.

మెంతులు చల్లించడం కూడా ఇక్కడే మొదలుపెట్టొచ్చు. రెండు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి తడి గుడ్డలో కట్టండి. ఒకటి రెండు రోజుల్లో మొలక కనపడుతుంది. అడుగున కన్నాలు పొడిచిన పాత డబ్బాలో మూడు వేళ్ల మందం మట్టి పోసి, మొలకలు చల్లి, పైన పలచగా మట్టి కప్పండి. నాలుగు రోజులకి ఆకులు తలెత్తుతాయి, పది పన్నెండు రోజులకి కత్తెరతో కోసి పప్పులో వేసుకోవచ్చు. ధనియాలు పెడితే పైకి రావడానికే వారం పది రోజులు పడుతుంది, పిల్లలు అప్పటికి ఆ సంగతే మరిచిపోతారు. మెంతులు చచ్చేది ఒక్క కారణంతోనే: రోజుకి ఐదు మగ్గుల నీళ్లు పోయడం. సీసా మూతకి పిన్నుతో నాలుగు కన్నాలు పొడిచి ఇవ్వండి, ఎన్నిసార్లు చల్లినా పెద్దగా నష్టం ఉండదు.

పసుపు ఎర్రబడే తమాషా

ఐదు, ఆరేళ్ల వాళ్లకి. అర గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు కలిపి, తెల్లకాగితం ముక్కల్ని ముంచి ఆరబెట్టండి. వేరే గిన్నెలో చెంచాడు వంటసోడా కరిగించి, దూది చుట్టిన పుల్లతో ఆ కాగితం మీద గీయమనండి. గీసిన చోట ఇటుక రంగు తేలుతుంది. బట్టల సబ్బు నీళ్లయితే ఇంకా ముదురు. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపే. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేదీ, పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడేదీ ఇందుకే. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే కాలుస్తుంది. బట్టలకి పసుపు అంటితే ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయండి, రెండు మూడు ఎండలకి వెలిసిపోతుంది.

అష్టా చెమ్మా, చిన్నవాళ్ల లెక్కలో

గవ్వలు లేకపోతే నాలుగు చింతగింజలు. ఒక్కోదాన్నీ గరుకు గచ్చు మీద ఒకవైపు తెల్లటి పప్పు కనపడేదాకా అరగదీయండి. సగానికి చీలిపోతే పారేసి ఇంకోటి. అరగదీసే పని ఆరేళ్ల పిల్లలకే అప్పజెప్పొచ్చు, పావుగంట పడుతుంది, గింజ వేడెక్కితే ఆశ్చర్యపోతారు.

నేల మీద ఐదు గడుల అడ్డం, ఐదు నిలువు. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడుమ గడిలోనూ ఇంటూ గుర్తు. గింజలు వేస్తే తెల్లవైపు ఎన్ని పడితే అన్ని గడులు. నాలుగూ తెల్లవైతే చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లవైతే అష్ట, ఎనిమిది. బయటి వరస 16 గడులు తిరిగి, లోపలి వరస 8 తిరిగి, నడుమ గడిలో పండాలి.

నాలుగైదేళ్ల వాళ్లకి అసలు నియమాలన్నీ ఒకేసారి పెట్టకండి. మొదటి వారం ఒక్కొక్కరికీ ఒకే కాయ, చంపుకోవడం లేదు, ఎవరైనా ముందుగా లోపలికి చేరితే చాలు. కాయ ఒక్కో గడిలో ఆనించి పైకి లెక్కపెట్టమనండి. రెండో వారం రెండు కాయలు. చంపడం మూడో వారానికి. ముందే పెడితే కాయలు ఎగిరి మూలన పడతాయి. వామనగుంటలు ఆడాలంటే గుడ్ల అట్ట కోసి రెండు వరసలు తీసుకోవచ్చు. ఏడు గుంటలు రాకపోయినా ఆరుతో ఆడొచ్చు. అట్ట ఒక రోజంతా ఎండలో పెట్టాలి, ఆడాక చేతులు కడగాలి.

నీడబొమ్మలు

దీపాలు పెట్టాక ఆడేదిది, పైగా రెండు రోజుల పని: ఒక పగలు బొమ్మలు చేయడానికి, ఒక రాత్రి ఆడించడానికి. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు మేకతోలుని వెలుగు దూరేంత పలచగా తీసి రంగులద్దుతారు, అందుకే తెర మీద నల్లటి నీడ కాకుండా రంగుల బొమ్మ కనపడుతుంది. ఇంట్లో ఆ పని నూనె రాసిన కాగితం చేస్తుంది.

1. మామూలు తెల్లకాగితం మీద జానెడు ఎత్తు బొమ్మ గీయండి. ఏనుగో కోతో, అంచులు తేలిగ్గా గుర్తుపట్టేది. చార్టు వద్దు, దాంట్లోంచి వెలుగు రాదు.

2. పిల్లల చేత క్రేయాన్లతో గానీ స్కెచ్ పెన్నులతో గానీ ముదురుగా రంగు వేయించండి. పలచటి రంగు తెర మీద కనపడదు. కన్ను, గొలుసు, దుస్తుల అంచు దగ్గర సూదితో కన్నాలు పొడవడం మీ పని, అక్కడ వెలుగు చుక్కలుగా మెరుస్తుంది.

3. బొమ్మ కత్తిరించి, వెనక నిలువుగా కొబ్బరి చీపురు పుల్ల పెట్టి టేపు వేయండి. పుల్ల కింద బెత్తెడు బయటికి రావాలి. టేపు ఇప్పుడే వేయాలి, నూనె పూశాక ఏ టేపూ అంటుకోదు.

4. దూదితో కొబ్బరినూనె వెనకవైపు పలచగా రుద్దండి. ఒక బొమ్మకి పావు చెంచా చాలు. కాగితం కళ్లముందే గాజులా మారుతుంది. పిల్లలు దీన్నే మళ్లీ మళ్లీ చేస్తామంటారు. చలికాలంలో నూనె పేరుకుంటే గోరువెచ్చగా చేసుకోండి. పావుగంట ఆరనిచ్చి, మిగిలిన జిడ్డు పాత పేపరుతో అద్దండి.

5. గుమ్మానికి అడ్డంగా పాత తెల్ల పంచె ముడతల్లేకుండా బిగించి కట్టండి. వెనక ఐదారడుగుల దూరంలో ఫోన్ టార్చి స్టూలు మీద నిలబెట్టండి. ట్యూబులైట్లు ఆపేయాలి. రెండు దీపాలుంటే ప్రతి బొమ్మకీ రెండు నీడలొస్తాయి. కొవ్వొత్తి వద్దు, నూనె కాగితం భగ్గుమంటుంది.

6. బొమ్మని పంచెకి ఆనించి పట్టుకోండి. ఆనితేనే గీత స్పష్టం. టార్చి వైపు వెనక్కి తీసేకొద్దీ పెద్దదై మసకబారుతుంది, రాక్షసుడు రావాల్సిన చోట ఇది పనికొస్తుంది. పిల్లలు బొమ్మతోబాటు తమ తల కూడా తెర మీదికి తెస్తారు. పీట మీద కాకుండా నేల మీద కూర్చోబెట్టి, చేతులు మాత్రం పైకెత్తమంటే సర్దుకుంటుంది.

కథ పెద్దదిగా అనుకోకండి. ఇద్దరు పాత్రలు, ఒక తగువు, ఐదు నిమిషాలు.

ఫోన్, టీవీ

రెండేళ్లు నిండని పిల్లలకి తెర వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటొద్దనీ భారత పిల్లల వైద్యుల సంఘం అంటుంది. ఆ ఒక్క గంటనీ పొద్దున్నే కాఫీ తాగేటప్పుడు ఖర్చుపెట్టేయకండి. ఆఫీసు మీటింగు ఎప్పుడుందో చూసుకుని అప్పటికి దాచండి. ఫోన్‌కన్నా టీవీ నయం, దూరంగా ఉంటుంది, ఎవరేం చూస్తున్నారో అందరికీ కనపడుతుంది. ఒకటయ్యాక ఇంకోటి దానంతటదే మొదలయ్యే సెట్టింగు తీసేయండి. “పది నిమిషాలు” అంటే ఈ వయసుకి అర్థం కాదు, “ఈ పాట అయ్యాక ఆపేద్దాం” అంటే అర్థమవుతుంది. ఆపేసిన వెంటనే చేతికి ఏదో ఒకటి రావాలి, తినడానికైనా సరే. ఖాళీ చేతులతో టీవీ ఆపితేనే గొడవ.

అమ్మమ్మతోనో నానమ్మతోనో వీడియో కాల్‌ని ఈ గంటలో కలపక్కర్లేదు. “అమ్మమ్మకి హాయ్ చెప్పు” అంటే మాత్రం ఒక్క నిమిషంలో పారిపోతారు. ముందే అమ్మమ్మకి చెప్పి ఉంచండి: “ఇంట్లో ఎర్రటి వస్తువు ఒకటి తెచ్చి చూపించవే” అని అడగమనండి, తర్వాత గుండ్రటిది, తర్వాత చప్పుడు చేసేది. లేదా తాతయ్య అక్కడ కథ చెబుతుంటే, మీ పిల్ల ఇక్కడ కథలో వచ్చినవన్నీ పిండి ముద్దతో చేయాలి. ఫోన్‌ని చేతికివ్వకుండా డబ్బాకి ఆనించి నిలబెట్టండి. చేతిలో ఉంటే అవతలివాళ్లకి కనపడేది మీ ఇంటి సీలింగ్ ఫ్యానే.

ఏ ఆటా అంటని రోజులూ వస్తాయి. ఆ రోజు కొత్తది పెట్టబోకండి. మధ్యాహ్నం మూడింటికైనా సరే ఇంకోసారి స్నానం చేయించి, రెండు కుర్చీల మీద దుప్పటి కప్పి గుడారం చేసి, లోపల దిండు, టార్చి, ఓ గిన్నెలో మరమరాలు పెట్టండి. మీకూ చోటుంటే దూరండి.